రెండో పాదం

తెచ్చినవాడు దాన్ని పెళ్ళికార్డు కవరులో పెట్టి తెచ్చాడు.
ఛత్తా బజార్‌లో ప్రెస్సు మూసేస్తుంటే
సీసపు అక్షరాల డబ్బా అడుగున దొరికిందట.
"పారేద్దామనుకున్నా మేడం,
కానీ ఆడమనిషి కూర్చోనుంది కదా."

జానెడు కాగితం.
ఎవరిదో లెక్కల పుస్తకంలోంచి చింపింది,
ఎడమ అంచున కుట్టు రంధ్రాలు మూడు.
దాని మీద మోకాలు మడిచి ఒక మనిషి,
వీపు సగం మనవైపు,
కొప్పు జారబోతూ ఆగింది.

ముందు దీపం వంచి చూస్తాను.
వెలుతురు పక్కవాటుగా పడితేనే
కలం ఎక్కడ నొక్కాడో అక్కడ చాళ్ళు లేస్తాయి.
మెడ దగ్గర ఒక్క గీత, ఊపిరి బిగబట్టి గీసింది,
భుజం దాకా వచ్చేసరికి సిరా అయిపోయి
పాళీ రెండుగా చీలింది,
నడుమ తెల్లగా, నాంపల్లి పట్టాల్లా.
అయినా ఆగలేదు.
ముంచుకోవడానికి వెళితే
భుజం పోతుందనుకున్నాడేమో.

నీడలకు మాత్రం ఉక్కు పాళీ కాదు, రెల్లు కలం.
మొద్దు మొన. గరుకు గీతలు
అన్నీ ఎడమ నుంచి కుడికి దిగుతాయి, ఏటవాలు వానలా.
పుర్రచేతి వాటం.
పేరు తెలీదు, చెయ్యి తెలిసింది.

సిరా సంగతి ఇస్‌హాక్ మియాని అడిగాను.
వాళ్ళ తాత అదే బజార్లో ఖత్ రాసేవాడు.
కళ్ళజోడు నుదుటికెత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని
"సియాహీ నహీ బేటీ, జంగ్ హై" అన్నాడు.
తుప్పే.
కరక్కాయలు దంచి, ఇనప మూకుడులో కాచి,
చిటికెడు అన్నభేది, ఇంత తుమ్మజిగురు.
రాసేటప్పుడు నీళ్ళ చాయ్ రంగు,
రాత్రికి కాకి నలుపు,
తరం మారేసరికి మళ్ళీ చాయ్.
ఆ తర్వాత తినడం మొదలెడుతుంది.
ఎన్నిసార్లు దిద్దితే అంత లోతుగా తింటుంది.
కొప్పు సగం అలాగే రాలిపోయింది.
చంక కింది చీకటి ఇప్పుడు చిల్లు,
అందులోంచి నా బల్ల కనిపిస్తోంది.

ఎడమ పాదం రెండుసార్లు ఉంది.
మొదటిది పూర్తిగా, వేళ్ళు మడిచి, కడియంతో సహా.
రెండోది బెత్తెడు పక్కన,
మడమ గీసి గబగబా వదిలేసిన పాదం.
చాకుమొనతో మొదటిదాన్ని గీకి చూశాడు,
కాగితం నూగు లేచింది,
మానేశాడు.
చిత్రకారుడి పొరపాటనుకున్నాను.
నివేదికలో "సవరణ" అని రాశాను కూడా.

వెనక్కి తిప్పితే ఉర్దూలో పొట్టి వరస.
అదే సిరా. ఎక్కడా అలుక్కుపోలేదు,
పుర్రచేతికి కలిసొచ్చే లిపి కదా.
ఇస్‌హాక్ మియా వేలు ఆనించకుండా చదివాడు:
"ఈదమ్మ. పొద్దుటి నుంచి జొహర్ దాకా.
రెండణాలు, హాలీ సిక్కా.
ఒక అణా బాకీ."

అంటే కాలు తిమ్మిరెక్కింది.
అంతే.
ఈదమ్మ అడక్కుండానే కదిలింది,
అతను కదిలిన పాదాన్నీ గీశాడు.
ఆ అణా ఇచ్చాడో లేదో
కాగితం చెప్పదు.

నీళ్ళు తగిలితే తుప్పు పాకుతుంది.
అందుకే జెలటిన్ పూసిన ఉల్లిపొర కాగితం,
ఉందా లేదా అన్నంత తడి,
పైన ఇసుక సంచి బరువు.
చిల్లులు రంగేసి పూడ్చమంటాడు తెచ్చినవాడు.
పూడ్చను. వెనక ఆసరా పెడతాను.

దారుల్‌షిఫా వైపు నుంచి జొహర్ అజాన్.
లేవబోతే నా ఎడమ కాలు నాది కాదు.
బల్ల పట్టుకుని, అది తిరిగొచ్చేదాకా నిలబడి,
"సవరణ" అన్న మాట రబ్బరుతో చెరిపి
"కూర్చున్నామె కాలు కదిపింది" అని రాశాను,
పెన్సిల్‌తోనే.
ఈ గదిలోకి సిరా రానివ్వం.